తిరుచానూరు దగ్గర కొత్త ఇల్లు, చేతిలో 7 లక్షలు: లోపలి పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తిరుచానూరు_కోడలు:
అందరికీ నమస్కారం. మా మామగారు ఎప్పుడో కొనిపెట్టిన 40 అంకణాల (1440 చదరపు అడుగుల) జాగాలో ఇల్లు కట్టుకున్నాం. తూర్పు వాకిలి. గోడలు, ప్లాస్టరింగ్, టైల్స్ అయిపోయాయి. కరెంటు పైపులు గోడల్లో ఉన్నాయి గానీ వైర్లు ఇంకా లాగలేదు. హాలు 12 బై 17, వంటిల్లు 8 బై 10, పడకగదులు 11 బై 12 ఒకటి, 10 బై 11 ఒకటి, ఈశాన్యంలో 4 బై 4 దేవుడి గది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ ఉంటాం.

ఒక ఇంటీరియర్ కంపెనీ వాళ్లు వచ్చి కొలతలు తీసుకుని కంప్యూటర్లో బొమ్మలు చేసి చూపించారు. ఇల్లంతా ఫాల్స్ సీలింగ్, 9 అడుగుల టీవీ యూనిట్, అద్దాల క్రాకరీ యూనిట్, ఎల్ ఆకారం వంటిల్లు, రెండు వార్డ్‌రోబ్‌లు కలిపి 11 లక్షల 40 వేలు అన్నారు. బొమ్మలు చాలా బాగున్నాయి, అబద్ధం చెప్పను. కానీ రాత్రి పడుకుని ఆలోచిస్తుంటే, ఆ బొమ్మల్లో మా అత్తమ్మ ఎక్కడ కూర్చుని ఆకుకూర వలుస్తుందో నాకు కనిపించలేదు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. మా దగ్గర ఉన్నది 7 లక్షలు, అప్పు చేసే ఉద్దేశం లేదు. ఏది ముందు చేయించాలి, ఏది వదిలేయొచ్చు, ఇక్కడ ఇల్లు కట్టుకుని ఉంటున్నవాళ్లు చెప్పండి.

పాతమిద్దె:
అమ్మా, నేను సివిల్ పనిలో ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ని. ముందు మూడు విషయాలు చెప్పు. ఇంటి పైన ఇంకో అంతస్తు ఉందా, లేక ఎండంతా మీ స్లాబు మీదే పడుతుందా? పడమటి గోడకి ఏ గది ఆనుకుని ఉంది? మీ ఇంటికి కొండకి వెళ్లే చుట్టాలు ఎంతమంది వస్తారు? ఈ మూడోది తేలిగ్గా తీసుకోవద్దు. తిరుపతిలో ఇల్లు అంటే అయిదుగురి కోసం కట్టుకుని పదకొండు మందికి వాడుకునేది.

తిరుచానూరు_కోడలు:
పైన అంతస్తు లేదు సార్, భవిష్యత్తులో వేస్తాం. పడమటి గోడకి పెద్ద పడకగది, ఆగ్నేయంలో వంటిల్లు. చుట్టాల సంగతి మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా అత్తమ్మ వైపు వాళ్లు మదనపల్లె, పలమనేరు, ఇటు మా వాళ్లు నెల్లూరు. నెలకి రెండుసార్లయినా ఎవరో ఒకరు దర్శనానికి వస్తారు. అర్ధరాత్రి రైలు దిగేవాళ్లు, తెల్లవారుజామున మూడింటికి అలిపిరికి బయల్దేరేవాళ్లు.

కొండకింద_ఇల్లు:
అక్కా, మాది కపిలతీర్థం దగ్గర, మా ఇంట్లోనూ ఇదే కథ కాబట్టి దీని గురించి వివరంగా రాస్తాను. మేం ఆరేళ్ల కింద ఇంటీరియర్ చేయించినప్పుడు ఎవరూ దీన్ని అడగలేదు, మేమూ చెప్పలేదు. హాల్లో మంచి ఎల్ ఆకారం సోఫా కొన్నాం. మొదటి నెలలోనే మా పెద్దనాన్న వాళ్లు ఏడుగురు వచ్చారు. సూట్‌కేసులు పెట్టుకోను చోటు లేక దేవుడి గది ముందు పెట్టారు. చెప్పులు వాకిలి నుంచి మెట్ల దాకా. సోఫా కదలదు, దాని మీద ఒక్కరికి మించి పడుకోలేరు.

ఇప్పుడు చేయిస్తే ఇలా చేయిస్తాను. వాకిలి లోపలికి రాగానే ఒక పక్క 2 అడుగుల లోతు, 4 అడుగుల వెడల్పు ఖాళీ వదిలేస్తాను, అందులో ఏ బీరువా పెట్టను, సంచులకే. దాని పైన కొక్కేలు, పక్కనే నాలుగు చార్జింగ్ పాయింట్లు. చుట్టాలు వచ్చిన రాత్రి ఇంట్లో దొరకనిది చార్జింగ్ పాయింటే, టీవీ వైరు పీకేసి మరీ పెట్టుకుంటారు. కిటికీ కింద సోఫా బదులు బల్ల, పరుపు వేస్తే మంచం, తీస్తే కూర్చునేది, కింద సొరుగుల్లో దుప్పట్లు. బల్ల ఎత్తు మాత్రం పరుపుతో కలిపి 18 అంగుళాలకు తగ్గనివ్వకండి. అలిపిరి మెట్లు 3550 ఎక్కి, మళ్లీ దిగి వచ్చినవాళ్లు ఆ సాయంత్రం మోకాళ్లు వంచలేరు. కింద కింద ఉండే దివాన్ మీద కూర్చుంటే లేపడానికి ఇంకో మనిషి కావాలి. అదే కారణంగా కామన్ బాత్రూమ్‌లో కమోడ్ పక్కన పట్టుకోను ఒక స్టీలు రాడ్ వేయించండి. మీ అత్తమ్మకి రోజూ పనికొస్తుంది.

రేణిగుంట_తమ్ముడు:
కొండకింద అక్క చెప్పింది సరే గానీ, ఫాల్స్ సీలింగ్ మాత్రం వదలొద్దండి. మా ఫ్రెండ్ ఇంట్లో లేకుండా చేయించుకుని ఇప్పుడు బాధపడుతున్నాడు. లైట్ల అందం అంతా దాంట్లోనే ఉంది. కొత్త ఇల్లు అన్నాక ఒక్కసారే చేస్తాం, చూసినవాళ్లకి కూడా బాగుండాలి కదా.

పాతమిద్దె:
తమ్ముడూ, నీ మాటలో తప్పులేదు, అందం కావాలి. కానీ లెక్క చూడు. స్లాబు ఎత్తు 10 అడుగులు ఉంటే ఫాల్స్ సీలింగ్ 6 నుంచి 8 అంగుళాలు తినేస్తుంది. ఫ్యాను ఇంకా కిందికి దిగుతుంది. 12 అడుగుల వెడల్పు హాల్లో అది గుహలా అనిపిస్తుంది. వేడి తగ్గుతుందని అమ్ముతారు, కొంత తగ్గుతుంది కూడా. అయితే మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిని స్లాబులోకి దిగనిచ్చి కింద జిప్సం కట్టి ఆపడం కంటే స్లాబు పైనే ఆపడం మేలు. మిద్దె మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ కొట్టిస్తే ఖర్చు చాలా తక్కువ, తేడా రాత్రి పడుకున్నప్పుడే తెలుస్తుంది. ముందు పగుళ్లు పూడ్పించి, నీళ్లు నిలవకుండా వాలు సరిచేసి, ఆ తర్వాత కొట్టించాలి. హాల్లో టీవీ గోడ వైపు మాత్రం 2 అడుగుల వెడల్పు పట్టీలా ఫాల్స్ సీలింగ్ చేయించుకుంటే లైట్లూ వస్తాయి, ఎత్తూ పోదు.

అమ్మా, పడమటి గోడ గురించి. పెద్ద పడకగదిలో వార్డ్‌రోబ్‌లు ఆ పడమటి గోడకే వేయించు. సాయంత్రం ఎండకి కాలే గోడకి బట్టల బీరువా అడ్డుగా ఉంటుంది, మంచం చల్లటి గోడ వైపు వస్తుంది. వెనక గోడకి ఆనించకుండా అర అంగుళం సందు వదలమను. ఉత్తరం గోడకి కిటికీ ఉంటే దాన్ని పెద్ద కర్టెన్లతో, యూనిట్లతో మూసేయకు. తిరుపతికి కొండ ఉత్తరాన ఉంది, ఆ కిటికీ నుంచి శేషాచలం కనిపిస్తుంది, పైగా ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ సూటిగా రాదు. ఆ కంపెనీ బొమ్మలో ఆ కిటికీ దగ్గర ఏం పెట్టారు?

తిరుచానూరు_కోడలు:
సార్, క్రాకరీ యూనిట్ పెట్టారు. ఉత్తరం కిటికీలో సగం మూసుకుపోతుంది. ఇప్పుడే మళ్లీ తీసి చూశాను. మా అత్తమ్మ పొద్దున్నే లేచి ఆ కిటికీ దగ్గరే కొండకి దండం పెట్టుకుంటుంది, పని జరుగుతుంటే కూడా సిమెంటు బస్తాల మధ్య నిలబడి పెట్టుకునేది. ఆ యూనిట్ వద్దని చెప్పేస్తున్నాను.

మేస్త్రి_చిత్తూరు:
నమస్తే. నేను చిత్తూరులో చెక్కపని చేయిస్తాను, మా నాయన కూడా ఇదే పని. అక్కా, మీ కొటేషన్‌లో ప్లై ఏమి రాశారో చూడండి. చాలామంది ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’ అని రాసి వదిలేస్తారు. అది మాట, గ్రేడు కాదు. సింకు కింద, వంటింటి కింది డబ్బాలకి ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై, 18 ఎంఎం అడగండి. ఆ రకాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. హాలు, పడకగదుల్లో దానికన్నా ఒక మెట్టు కింది బీడబ్ల్యూఆర్ రకం చాలు, అక్కడ కూడా మెరైన్ వేసి డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు. ఎంఆర్ అని ఉన్నది కాస్త తేమనే తట్టుకుంటుంది, దాన్ని మాత్రం తడి తగిలే చోట వేయించొద్దు. పార్టికల్ బోర్డు చవక గానీ మన వానల్లో, చెదల్లో నిలవదు, ఒకసారి నీళ్లు తాగిందంటే ఉబ్బిపోతుంది, స్క్రూలు పట్టవు.

ఒక షీటు 8 బై 4, అంటే 32 చదరపు అడుగులు. ఇంటికి వచ్చిన ప్రతి షీటు మీద ముద్ర చూసి ఫోటో తీసుకోండి, కోశాక ముద్ర కనపడదు. మంచి పనివాడు దీనికి కోపం తెచ్చుకోడు. రేటు మాట్లాడేటప్పుడు చదరపు అడుగు లెక్క అంటే ముందువైపు కొలతా, లోపలి అరలు కలిపా, హింజెస్, సొరుగు ఛానెళ్లు అందులోనేనా అన్నది కాగితం మీద రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

కింద డబ్బాలన్నీ నేల మీద ఆనకుండా 4 అంగుళాల గ్రానైట్ గట్టు మీద కూర్చోబెట్టించండి. మన చిత్తూరు వైపు నల్ల గ్రానైట్‌కి కొరత లేదు, మిగిలిన ముక్కలతోనే అయిపోతుంది. ఇల్లు కడిగిన నీళ్లు చెక్కకి తగలవు, చెదలు ఎక్కితే కంటికి కనిపిస్తాయి.

స్వర్ణముఖి_ఒడ్డు:
మేస్త్రి అన్న చెప్పిన గ్రానైట్ గట్టు మాట నేను రెండుసార్లు చదివాను. 2021 నవంబరు వానలకి మా వీధిలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మా ఇంట్లో మోకాలి కింద దాకా రెండు రోజులు నిలబడ్డాయి. టీవీ యూనిట్, మంచాలు, పిల్లల చదువు బల్ల, అన్నీ కొత్తవి, నీళ్లు తీసిన వారానికి ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి. మా అమ్మ పెళ్లినాటి టేకు పెట్టె ఒకటి మాత్రం కడిగి ఎండబెడితే అలాగే ఉంది. మీది ఏ వైపో తెలియదు, వీధి కన్నా ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. కింది ప్లగ్ పాయింట్లు నేల నుంచి కనీసం 2 అడుగుల పైన పెట్టించండి. మాకు అప్పుడు షాక్ కొట్టకుండా దేవుడే కాపాడాడు.

ఇంకో మాట, మీరు ఆగస్టులో అడుగుతున్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. కొత్త గోడలు ఒక వాన చూడకుండా లప్పం పెట్టించి, చెక్క బిగించేయకండి. గోడకి అడుగు చదరం ప్లాస్టిక్ కవరు నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. విప్పితే లోపల చెమ్మ కనిపించిందంటే ఆ గోడ ఇంకా ఆరలేదని అర్థం.

రాగిముద్ద:
వంటింటి గురించి ఎవరూ రాయలేదేంటి? తిరుచానూరు అక్కా, మీ ఇంట్లో సంగటి చేస్తారా?

తిరుచానూరు_కోడలు:
వారానికి నాలుగు రోజులు. మా అత్తమ్మకి రాత్రి సంగటి లేకపోతే నిద్ర పట్టదు.

రాగిముద్ద:
అయితే ఇది చదవండి. కంపెనీ వాళ్లు అందరికీ 34 అంగుళాల ఎత్తు గట్టు పెట్టేస్తారు. దాని మీద 4 అంగుళాల స్టవ్, దాని మీద 8 అంగుళాల సంగటి పాత్ర. మొత్తం 46 అంగుళాలు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, మా అత్త ఇంకా పొట్టి. తెడ్డు పట్టుకుని సంగటి గెలకాలంటే పైనుంచి భుజం బలం పడాలి. గట్టు అంత ఎత్తుంటే చెయ్యి చెవి దాకా లేస్తుంది, భుజం లాగేస్తుంది, ఉండలు కడుతుంది. మేం ఏడాది పాటు చిన్న స్టూలు వేసుకుని నిలబడి చేశాం, ఒకసారి స్టూలు జారి మా అత్త చెయ్యి కాల్చుకుంది. ఆ రోజే మేస్త్రిని పిలిచాం.

మీరు నిటారుగా నిలబడి మోచెయ్యి మడిచి నేల నుంచి మోచేతి దాకా కొలవండి, అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేస్తే అది మీ గట్టు ఎత్తు. స్టవ్ ఉండే చోటు మాత్రం ఇంకో 4 అంగుళాలు దించండి, మూడు అడుగుల పొడవు చాలు. చూడటానికి మెట్టులా ఉంటుంది, ఏం ఫర్వాలేదు. చిమ్నీ ఎత్తు కూడా దించిన స్టవ్ నుంచి కొలవమనండి, రెండడుగులకి పైనే ఉండాలి.

గ్రైండర్‌ని కింద డబ్బాలో పెట్టి రోజూ పైకి ఎత్తొద్దు. దానికి విడిగా 20 అంగుళాల ఎత్తులో చిన్న గట్టు, పక్కనే ప్లగ్, కింద నీళ్లు పోయే దారి. ఆ గట్టు పక్కన ఒక పీట పట్టేంత ఖాళీ నేల వదిలితే మీ అత్తమ్మ కూర్చుని ఆకుకూర వలుచుకునే చోటు కూడా అదే అవుతుంది. గోడకి ఒక లైటు, పసుపు వెలుగు కాదు, 4000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) రకం, లేకపోతే ఆకుల్లో పురుగు కనపడదు.

సిలిండరు లోపలే పెట్టేటట్టయితే ఆ డబ్బా తలుపుకి కింది వైపు జాలీ పెట్టించండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది, పైన చిల్లులు పెడితే ప్రయోజనం లేదు. రబ్బరు ట్యూబు అయిదేళ్లకోసారి మార్చాలి, తేదీ దాని మీదే ఉంటుంది.

తిరుచానూరు_కోడలు:
రాగిముద్ద గారూ, మీ పోస్టు అత్తమ్మకి చదివి వినిపించాను. ‘ఆ అమ్మాయి ఫోన్ నంబరు తీసుకో, మాట్లాడతాను’ అంటోంది. గ్రైండర్ దగ్గర పీట చోటు గురించి విన్నప్పుడు మా ఆయనకి కూడా అర్థమైంది నేను ఇన్నాళ్లూ దేని గురించి నలుగుతున్నానో.

దేవుడి గది గురించి కూడా చెప్పండి. కంపెనీ వాళ్లు అద్దం మీద బంగారు రంగు గీతలు, వెనకాల లైట్లు, మెరిసే లామినేట్ పెట్టారు. మేం దసరాకి బొమ్మల కొలువు పెడతాం, 7 మెట్లు.

కొండకింద_ఇల్లు:
దీపం వెలిగేచోట లామినేట్ వద్దు. మూడు అడుగుల ఎత్తు దాకా, పైన సెగ తగిలే చోట రాయే ఉండనివ్వండి. రోజూ నూనె దీపం పెడితే ఏడాదిలో పైకప్పు నల్లబడుతుంది, పైన చిన్న గవాక్షం ఒకటి ఉంటే పొగ బయటికి పోతుంది. మా అవ్వ వాళ్ల చిత్తూరు మిద్దె ఇంట్లో గడప పక్కన గోడలోనే దీపం గూడు ఉండేది, పైన రాయి, మసి పట్టినా తుడిస్తే పోయేది. అలాంటి గూడు ఒకటి మీ దేవుడి గది బయట పెట్టించుకోండి, సాయంత్రం ఇంట్లోకి రాగానే దీపం కనిపిస్తుంది.

కొలువుకి 4 బై 4 గది చాలదు, హాల్లో పెట్టాలి. మెట్లని ఒకదాంట్లో ఒకటి దూరే పెట్టెల్లా చేయించొచ్చు. మిగతా ఏడాది బొమ్మలు ఆ పెట్టెల్లోనే ఉంటాయి. మట్టి బొమ్మలు లాఫ్ట్ మీదికి ఎక్కించి దించడంలోనే సగం విరుగుతాయి.

మేస్త్రి_చిత్తూరు:
ఆ పెట్టెలు నేను ఒకరికి చేశాను, బాగా కుదిరాయి. 12 ఎంఎం ప్లై చాలు, బరువు తగ్గుతుంది. ప్రతి పెట్టెకి అడుగున నాలుగు రబ్బరు బుడిపెలు వేయించండి.

శ్రీకాళహస్తి_కలం:
గోడల మీద ఏం పెట్టాలన్నది ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పని చేస్తాం. ప్రింటు వాల్‌పేపర్లకి డబ్బు పెట్టే బదులు ఒక చేతిపని బట్ట కొనుక్కోండి. శ్రీకాళహస్తిది కలంతో గీసేది, మచిలీపట్నం దగ్గరి పెడన వైపుది అచ్చులతో అద్దేది, కొనేటప్పుడు రెండింటికీ తేడా అడగండి. మేం బట్టని కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరబెడతాం, నల్లరంగు ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన కసిం నుంచి వస్తుంది. అన్నీ ప్రకృతి రంగులు, అందుకే సూటిగా ఎండ తగిలే గోడకి పెడితే నాలుగైదేళ్లకి వెలిసిపోతాయి. మీ ఇంట్లో అయితే ఉత్తరం కిటికీకి ఎదురుగా ఉండే దక్షిణం గోడ మంచిది. ఫ్రేము గోడకి పూర్తిగా ఆనకుండా వెనక చిన్న కార్కు ముక్కలు పెట్టించండి, వానాకాలం చెమ్మ బట్టకి దిగదు. లైటు 3000 కెల్విన్ రకం, బట్టకి దూరంగా. తెల్లటి 6500 వేస్తే ఆ ఎరుపు చచ్చిపోతుంది, చూడలేం.

చెక్క బొమ్మలు కావాలంటే ఏర్పేడు దగ్గర మాధవమాలకి వెళ్లి రండి, పనివాళ్ల దగ్గరే కొనొచ్చు. ఎర్రచందనం అని ఎవరైనా అమ్మజూపితే సరైన కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు.

రేణిగుంట_తమ్ముడు:
ఇదంతా చదివాక నా అభిప్రాయం కొంత మారింది. మా ఇంటికి కూడా పని మొదలుపెట్టాలి, ముందు కిటికీలు ఏ వైపు ఉన్నాయో చూస్తాను. ఒక్క డౌటు, ట్యాపులకి నల్లరంగు ఫినిష్ బాగుంటుందా? ఇప్పుడు అందరూ వేస్తున్నారు.

పాతమిద్దె:
బోరు నీళ్లయితే వద్దు తమ్ముడూ. ఉప్పు మరకలు నల్లటి దాని మీద తెల్లగా తేలతాయి, గట్టిగా రుద్దితే పూత పోతుంది. మామూలు స్టీలు మెరుపుదే వేయించి, వారానికోసారి నిమ్మచెక్కతో తుడిస్తే చాలు.

తిరుచానూరు_కోడలు:
అందరికీ మళ్లీ నమస్కారం. ఉగాది అయింది, మాఘంలో గృహప్రవేశం చేసుకున్నాం. చెప్పినవన్నీ ఎలా వచ్చాయో రాయకపోతే తప్పు అవుతుంది.

స్వర్ణముఖి గారి మాట విని వానలు అయ్యేదాకా ఆగాం. మంచిదే అయింది, నవంబరులో దక్షిణం గోడకి ఒక చోట చెమ్మ దిగింది, సజ్జా పైన సన్నటి పగులు. అది పూడ్పించాకే డిసెంబరు చివర్లో చెక్కపని మొదలుపెట్టాం. కంపెనీని వద్దనుకుని కార్పెంటర్‌ని పెట్టుకున్నాం. మొదట మాట్లాడుకున్న అతను సింకు కిందికి ముద్ర లేని ప్లై తెచ్చాడు, అడిగితే అదీ ఇదీ ఒకటే అన్నాడు. రెండు రోజులు ఏడుపొచ్చినంత పనైంది, మార్చేశాం.

వంటిల్లు 2 లక్షల 10 వేలు, రెండు వార్డ్‌రోబ్‌లు 1 లక్ష 65 వేలు, దేవుడి గది, కొలువు పెట్టెలు కలిపి 45 వేలు, హాల్లో బల్ల 38 వేలు, కరెంటు పని 62 వేలు, పెయింటింగ్ 95 వేలు, మిద్దె మీద తెల్ల పెయింటు, పగుళ్లు 18 వేలు, లైట్లు, కర్టెన్లు 40 వేలు. మొత్తం 6 లక్షల 73 వేలు. టీవీ గోడకి పట్టీ సీలింగ్ కూడా చేయించలేదు, రెండు లైట్లు గోడకే పెట్టాం. మిగిలిన 27 వేలు శ్రీకాళహస్తికి వెళ్లేందుకు దాచాను.

ఒకటి కుదరలేదు. ఫ్రిజ్ మూలకి పెట్టడంతో తలుపు గోడకి తగిలి పూర్తిగా తెరుచుకోవడం లేదు, కూరగాయల సొరుగు బయటికి రావట్లేదు. ఫ్రిజ్ పెట్టే చోట గోడ నుంచి ఒక జానెడు వదలండి, ఇంకెవరూ ఈ తప్పు చేయొద్దు.

స్టవ్ గట్టు 28, మిగతాది 32. పోయినవారం పలమనేరు నుంచి తొమ్మిది మంది వచ్చారు. సంచులన్నీ వాకిలి పక్క ఖాళీలోకే వెళ్లిపోయాయి. మా అత్తమ్మ అందరికీ తనే సంగటి చేసింది, ఎవర్నీ గెలకనివ్వలేదు.

కొండకింద_ఇల్లు:
చదువుతుంటే ఎంత సంతోషంగా ఉందో. బల్ల కొలతలు చెప్పక్కా, మా సోఫా అమ్మేస్తున్నాం.

తిరుచానూరు_కోడలు:
పొడవు 6 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలు, చెక్క ఎత్తు 14, పరుపు 4. కింద మూడు సొరుగులు. మూత పైకి ఎత్తేలా చేయించొద్దు, పరుపు మీద ఎవరో ఒకరు పడుకునే ఉంటారు, దుప్పటి తీయాలంటే వాళ్లని లేపాలి.